చెయ్యొదిలి మాట్లాడండి

చచ్చిపోయిన మనిషి బొటనవేలికి సిరా ఎలా అంటుతుంది?

ఒళ్ళు మండితే నేనిలాగే మధ్యలోంచి అందుకుంటాను. బళ్ళో పాఠాలు చెప్పే రోజుల్లోనూ అంతే. సరే, వరసలో చెప్తాను.

మొన్న పొద్దున్నే, ఒకప్పుడు నా దగ్గర అక్షరాలు నేర్చుకున్న ఒకావిడ కూతురు మండపేట నుంచి ఫోన్ చేసింది. "పంతులమ్మగారండీ, అమ్మ పోయిందంటండి. నేను బయల్దేరుతున్నాను. మీరూ వత్తారా?" అంది. ఎవరమ్మా నువ్వు అని అడగక్కర్లేదు. రిటైరై రాజమండ్రిలో కూర్చున్న నన్ను ఇంకా పంతులమ్మగారని పిలిచే ఇల్లు అదొక్కటే. ఆటో మాట్లాడుకుని కడియం మీదుగా, నర్సరీల మధ్య మట్టిరోడ్డున వాళ్ళ పేటకి వెళ్ళాను. స్నానం చేయించి, కొత్త చీర కప్పి, ఇంటిముందు పందిట్లో పడుకోబెట్టారు. అప్పుడే వచ్చిన కూతురు కాళ్ళ మీద పడి ఏడుస్తోంది. చేతులు రెండూ గుండెల మీదుంచారు. దండం పెట్టి చెయ్యి ముట్టుకుందామని వంగాను కదా, ఎడమచేతి బొటనవేలు నీలంగా ఉంది.

పోయిన మనిషికి గోళ్ళు నీలం తిరుగుతాయి, అదే అయ్యుంటుంది అంటారేమో. గోరు కాదండీ. వేలి మెత్త. స్టాంపు ప్యాడు సిరా. ఉద్యోగమంతా రిజిస్టర్ల మధ్య గడిపినదాన్ని, ఆ సిరా నాకు తెలుసు. ఇంకెవరి వేలికి అంటినా ఇంత మండిపడేదాన్ని కాను. అంటింది ఆవిడ వేలికి!

ఆవిణ్ణి నేను మొదట చూసింది ఊరూరా అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో. నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది. పొద్దుగూకే వేళ పంచాయతీ ఆఫీసు వరండాలో ఆడవాళ్ళకి చదువు చెప్పమన్నారు. నర్సరీల్లో పని దిగి, గోళ్ళలో ఎర్రమట్టితో, ఒళ్ళో పలకలతో కూర్చునేవారు వాళ్ళు. కొత్తవాళ్ళకి అక్షరం ఎలా నేర్పుతాం? చెయ్యి పట్టుకుని దిద్దిస్తాం. మనందరికీ అలాగే వచ్చింది. నేనూ ఆవిడ వెనక్కి చేరి చెయ్యి పట్టుకోబోయాను. చురక తగిలినట్టు లాక్కుంది.

"చెయ్యొదిలి మాట్లాడండి."

వరండాలో అందరూ ఇటు తిరిగారు. నాకు మొహం మాడిపోయింది. ఆవిడే మళ్ళీ కాస్త తగ్గి, "మీ మీద కోపం కాదండి. మీరు బోర్డు మీద రాయండి, నేను చూసి రాత్తాను. నా చెయ్యి మాత్రం ఎవరూ పట్టుకోవద్దండి, ఆయ్" అంది.

అలాగే నేర్చుకుంది. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే వంకరగా. అయితేనేం, ఒక్క గీత కూడా ఇంకొకరు గీయించింది కాదు. 'చెయ్యొదిలి మాట్లాడండి' అన్న మాట ఆవిడ నోట తర్వాత ఎన్నిసార్లు విన్నానో. బస్సు ఎక్కుతుంటే ఆసరా ఇవ్వబోయిన కండక్టరుతో అంది. నాడి చూడబోయిన ఆర్ఎంపీ డాక్టరుతో అంది. చివరికి గాజులమ్మే ఆవిడతో కూడా అంది. గాజులమ్మే మనిషి చెయ్యి పట్టుకోకుండా గాజులెలా తొడుగుతుందండీ? పాపం ఆవిడ బుట్ట పక్కన పెట్టి తెల్లబోయి చూస్తూంటే, ఈవిడ సబ్బు నురగ పెట్టుకుని తన గాజులు తనే ఎక్కించుకుంది. రెండు పగిలాయి. "పోతే పోయాయిలెండి" అని నవ్వింది.

ఈ పట్టుదల ఎందుకో చాన్నాళ్ళకి చెప్పింది. నర్సరీలో గులాబీ అంట్లు కడుతూ, చేతిలో పని ఆపకుండా చెప్పింది.

ఆవిడ తొలికాన్పు ఏదో సర్కారు ఆసుపత్రిలో జరిగింది. కాన్పు కష్టమై మత్తిచ్చారు. ఆ మత్తులో తన ఎడమచెయ్యి ఎవరో పట్టుకోవడం, బొటనవేలిని చల్లటి మెత్తటి దేనికో అద్ది కాయితం మీద నొక్కడం మాత్రం తెలిసింది. తెలివొచ్చాక చూసుకుంటే వేలు నీలంగా ఉంది. ఏంటని అడిగితే, "మామూలేనమ్మా, కాన్పు కాయితం" అన్నారు. ఆ తర్వాత ఏళ్ళు గడిచినా మరో బిడ్డ కలగలేదు. అత్తగారు గుళ్ళూ గోపురాలూ తిప్పింది, పస్తులుంచింది. ఆఖరికి వేరే ఊళ్ళో ఒక డాక్టరమ్మ చూసి, "నీకు పిల్లలు కాకుండా ఆపరేషనైపోయింది కదమ్మా. నువ్వు ఒప్పుకుని వేలిముద్ర వేస్తేనే చేసుంటారు" అంది.

"నేనెప్పుడు ఒప్పుకున్నానండి? నా వేలు ఒప్పుకుంది" అంది ఆవిడ నాతో. ఏడవలేదు. కొమ్మ చివర కత్తితో చెక్కి, రిబ్బను బిగించి కట్టింది.

చెప్పండి, దీన్నేమంటారు? ఎవరి టార్గెట్టు నింపడానికో ఒక ఆడమనిషి కడుపు గురించి ఆవిడకే చెప్పకుండా తేల్చేశారు. ఆసుపత్రి రికార్డులో దానికి అంగీకారం అని పేరు. ఎవరి అంగీకారమయ్యా? మత్తులో ఉన్న మనిషిదా, ఆ మనిషి చెయ్యి పట్టుకున్నవాడిదా? పెద్దింటి కోడలు మత్తులో ఉంటే ఆవిడ చెయ్యి పట్టుకునే ధైర్యం ఎవడికైనా ఉండేదా? ఉండేది కాదు. భర్తని పిలిచేవాళ్ళు, మామగారిని పిలిచేవాళ్ళు, కుర్చీలు వేసి కూర్చోబెట్టి అడిగేవాళ్ళు. పేట మనిషి కాబట్టి వేలు చాలింది.

"సంతకం పెట్టేవాళ్ళ చెయ్యి ఎవరూ పట్టుకోరండి. చూశారా మీరెప్పుడన్నా? పెన్నిచ్చి పక్కకి జరుగుతారు. వేలిముద్ర వేసేవాళ్ళ చెయ్యే పట్టుకుంటారు" అనేది. అంతకంటే బాగా నేను ఏ పౌరశాస్త్రం పుస్తకంలోనూ పిల్లలకి చెప్పలేకపోయాను.

వేలిముద్ర వేసినవాళ్ళు సిరా ఎక్కడ తుడుచుకుంటారో మీరు చూసే ఉంటారు. ఎవరూ గుడ్డ ఇవ్వరు కదా, తలకి రాసేసుకుంటారు. చేతులు అలవాటుగా జుట్టులోకి వెళ్ళిపోతాయి. ఆవిడ అది చూస్తే ఊరుకునేది కాదు. "తలకాయతోటి ఏలుముద్ర తుడుసుకోడవేంటే!" అని పేటలో ఆడవాళ్ళ మీద అరిచేది.

ఇక సంతకం వచ్చాక ఆవిడ వైభవం చూడాలి. రొంటిన గుడ్డసంచి, అందులో వక్కాకుతో పాటు సొంత పెన్ను. మూత మీద పంటిగాట్లు. ఆ పెన్ను ఎవరికీ ఇవ్వదు, ఎవరి పెన్నూ పుచ్చుకోదు. పేరులో ఒక వొత్తు ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆగుతుంది. నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాన్ని గీసి, తల పక్కకి వంచి చూసుకుని అప్పుడు ముందుకు కదుల్తుంది. బ్యాంకులో గుమాస్తా, "తొందరగా కానీ అమ్మా, వెనకాల జనం ఉన్నారు" అంటే, "కంగారు పెట్టకండి బాబూ, వొత్తు కాడ ఉన్నాను" అంది. ఆ గుమాస్తా కూడా నవ్వేశాడు.

అడిగినచోటా పెట్టేది, అడగనిచోటా పెట్టేది. నాకు బదిలీ అయినప్పుడు ఒక గులాబీ మొక్క తెచ్చిచ్చింది. మట్టి నింపిన నల్ల కవరు మీద తెల్ల పెయింటుతో ఆవిడ సంతకం.

"మొక్క మీద సంతకం ఏంటక్కా?" అన్నాను.

"రేపెవరన్నా నేనివ్వలేదంటేనో?" అంది.

ఆవిడకి ప్రభుత్వం ఇంటి స్థలం పట్టా ఇచ్చిన రోజున నేనూ వెళ్ళాను. అప్పటికే భర్త లేడు. ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి, టేబులు మీద ప్యాడు తెరిచిపెట్టి, "లబ్ధిదారులంతా ఎడమచెయ్యి చాపండి" అంటున్నాడు ఒకాయన. మనిషిని చూడకముందే వేలిముద్రే అనుకున్నాడు చూడండి! ఈవిడ పెన్ను మూత నోటితో తీసి, పెన్ను వెనకవైపుతో ఆ ప్యాడుని మెల్లిగా టేబులు చివరికి నెట్టింది. "ఇది అవతల పెట్టండి బాబూ, కాయితానికి అంటుద్ది" అని, తీరిగ్గా, వొత్తు దగ్గర ఆగి మరీ సంతకం పెట్టింది. పట్టా ఆవిడ పేరుమీదే. తన తర్వాత కూతురికే అని ఊరందరికీ చెప్పింది. మరిది కొడుకు, "మగపిల్లాడు లేడు కదా పెద్దమ్మా, తలకొరివి పెట్టాల్సింది నేనే కదా, ఆ స్థలం నాకు రాసియ్యి" అని చుట్టూ తిరిగేవాడు. "తలకొరివి పెట్టకపోతే మానెయ్, నా సంతకం రాదు" అనేది.

అలాంటి మనిషి ముందుకి రేషన్ షాపులో వేలిముద్ర మిషను వచ్చింది.

"సంతకం పెడతానండి" అంది డీలరుతో, పెన్ను తీసి.

"మిషన్లో సంతకం ఎక్కడ పెడతావమ్మా? స్క్రీను గీసుకుపోద్ది" అన్నాడు. లైనంతా నవ్వింది. ఈవిడ సంచి మడిచి ఇంటికి వచ్చేసింది. ఆ నెల బియ్యం లేవు. పై నెలా లేవు.

గోదావరి సీమ అన్నపూర్ణ అని స్టేజీలెక్కి జబ్బలు చరుచుకుంటాం కదా. ఆవిడ కూతురు మండపేట రైసు మిల్లులో బస్తాలు కుడుతుంది. ఆ బియ్యం లారీలకెక్కి ఎక్కడెక్కడికో పోతాయి. తల్లికి మాత్రం కూతురు తన ఇంట్లోంచి సంచిలో పోసుకుని బస్సులో మోసుకొచ్చేది. సిగ్గులేకపోతే సరి మనకి!

నేను ఊరుకోలేక ఆవిణ్ణి మండలాఫీసుకి తీసుకెళ్ళాను. అధికారి కుర్రాడు, మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు.

"చూడండమ్మా, మీ సంతకం ఎవరైనా మీలాగే పెట్టేయొచ్చు. వేలిముద్ర అలా కాదు. మీకు తెలియకుండా మీ వేలు ఎవరూ వాడలేరు. ఇది మీ రక్షణ కోసమే" అన్నాడు.

ఆవిడ నా వైపు చూసింది. మళ్ళీ అతని వైపు తిరిగి, "నాకు తెలీకుండా వాడారండి" అంది.

"ఎప్పుడమ్మా?"

"నా కూతురు పుట్టినప్పుడండి. మత్తిచ్చి వాడారు."

అతను కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. ఏదో టైపు చేస్తున్నట్టు చేశాడు. కాసేపటికి, "రూలంతే అమ్మా, నా చేతుల్లో లేదు" అన్నాడు. వీళ్ళ చేతుల్లో ఏదీ ఉండదు. జనం వేళ్ళు మాత్రం వీళ్ళ చేతుల్లో ఉంటాయి.

ఆ వర్షాకాలం కూతురికి మిల్లులో పని తగ్గింది. అప్పుడు నాకు ఫోన్ చేసింది ఆవిడ. "దాని పిల్లల నోటికాడ కూడు నేనెన్నాళ్ళు తింటానండి? వేలు పెట్టేత్తాను. మీరొచ్చి పక్కన నించోండి" అంది. నించోవడానికి వెళ్ళాను.

వేలు కొంగుతో శుభ్రంగా తుడుచుకుంది. "నేనే పెడతాను" అని డీలరుకి ముందే చెప్పి, తనే ఆ అద్దం మీద బొటనవేలు ఆన్చింది. మిషను కూత పెట్టి ఎర్రలైటు వేసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రలైటు. చెయ్యి కడుక్కుని రమ్మన్నాడు, వచ్చింది. రెండో చెయ్యి పెట్టమన్నాడు, పెట్టింది. ఒక్క వేలూ పడలేదు. ఎలా పడుతుంది? ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి కవర్లలో కుక్కిన చేతులవి. గులాబీ ముళ్ళు గీరిన చేతులవి. వేళ్ళ మీద గీతలు ఎప్పుడో అరిగిపోయి నున్నగా అయిపోయాయి. ఆ వేళ్ళు పెంచిన మొక్కలు దేశమంతా పెద్దపెద్దవాళ్ళ బంగళాల ముందు పూస్తున్నాయి. ఆ వేళ్ళు మాత్రం ఆవిడవని రుజువు కావడం లేదు.

"తలకి రుద్దమ్మా. నూనె అంటితే పడుద్ది" అన్నాడు డీలరు. వాడు చెడ్డవాడని కాదు, అందరికీ అదే చెప్తాడు. ఆవిడ కదల్లేదు. లైన్లో ఎవరో, "కానియ్యే, ఆలస్యమైపోతంది" అన్నారు. ఆవిడ చెయ్యి మెల్లిగా పైకి లేచింది. బొటనవేలు తలకి రుద్దుకుంది. ఈలోగా డీలరు విసుగెత్తి ఆవిడ మణికట్టు దొరకబుచ్చుకుని, వేలు మిషను మీద పెట్టి గట్టిగా నొక్కాడు. ఆవిడ అంటుందని చూశాను. చెయ్యొదిలి మాట్లాడు అని అంటుందని చూశాను.

అనలేదండీ.

మిషను మళ్ళీ ఎర్రలైటు వేసింది. "పడట్లేదమ్మా. నువ్వు నువ్వని రావట్లేదు" అన్నాడు వాడు, చెయ్యి వదిలేసి.

తిరిగొస్తుంటే దారిలో, "సంతకం వద్దన్నారు. వేలిచ్చాను. ఇది నా వేలే కాదంటన్నారు. ఇంకేం ఇయ్యాలండి?" అంది. వేళ్ళు అరిగినవాళ్ళకి వేరే దారి ఉందని తర్వాత అర్జీలు పెట్టి రాయించుకున్నాం. రూలుంది అన్నాడు అధికారి. నాకు ఆర్డరు రాలేదు అన్నాడు డీలరు. ఒక నెల బియ్యం వచ్చేవి, రెండు నెలలు వచ్చేవి కాదు. ఆవిడ ఆకలితో పోయిందని నేననను, అలా రాస్తే అబద్ధం. జ్వరం ముదిరి పోయింది. కానీ ఆ మిషను రోజు తర్వాత ఆవిడ రొంటిన పెన్ను నాకు మళ్ళీ కనిపించలేదు. ఎవరు చెయ్యి పట్టుకున్నా పట్టించుకునేది కాదు.

అందుకే మొన్న పందిట్లో ఆ నీలం వేలు చూసి నా ఒళ్ళంతా మంటెక్కింది. కూతురి భుజం తట్టి, "అమ్మ వేలు చూడు" అన్నాను. చూసింది. ఏడుపు టక్కున ఆగిపోయింది.

"ఎవరు చేశారిది?"

అందరి చూపూ మరిది కొడుకు మీదికి పోయింది. వాడి చొక్కా జేబులో మడత పెట్టిన కాయితం. ఇంటి స్థలం కాయితమే. వేరే ఏమవుతుంది?

"పెద్దమ్మ బతికుండగానే ఇత్తానంది. నువ్వు వచ్చేలోగా..." అని నసిగాడు.

"ఇత్తానంటే సంతకం పెట్టేది. మా అమ్మకి సంతకం రాదా?" అంది కూతురు.

వాడికి ధైర్యం వచ్చింది. నా వైపు తిరిగి, "ఇప్పుడు సంతకాలెవరిక్కావాలండి? గవర్నమెంటోళ్ళే వేలడుగుతున్నారు. రేషన్ కాడ మా పెద్దమ్మ వేలు పెట్టలేదా? ఊరంతా చూసింది. ఇదీ చెల్లుద్ది" అన్నాడు.

చూశారా! ఆవిడ జీవితమంతా నిలబెట్టుకున్నదాన్ని ఆ మిషను పడగొట్టింది. వీడు ఆ గండిలోంచి దూరాడు. మత్తులో ఉన్నప్పుడు ఒకడు పట్టుకున్నాడు, బియ్యం కోసం నిలబడ్డప్పుడు ఒకడు పట్టుకున్నాడు, చచ్చాక వీడు పట్టుకున్నాడు. మీకు తెలియకుండా మీ వేలు ఎవరూ వాడలేరు అన్న ఆ కుర్ర అధికారిని జుట్టు పట్టుకు లాక్కొచ్చి ఆ పందిట్లో నిలబెట్టాలనిపించింది.

"తియ్యరా కాయితం!" అన్నాను. బళ్ళో అరిచిన అరుపే, వయసైనా పోలేదు. వాడూ నా దగ్గర చదివినవాడే. తీసిచ్చాడు. విప్పి చూస్తే అడుగున నీలం మరక. ఒక్క గీత లేదు. నున్నటి నీలం చుక్క. మిషనులో పడని వేలు వీడి కాయితం మీద మాత్రం ఎలా పడుతుంది? కాయితం కూతురికిచ్చాను. అది దాన్ని చింపి, చింపి, ఇంక చింపడానికి లేనంతగా చింపి వాడి కాళ్ళ దగ్గర పోసింది. వాడు తలకొరివి పెట్టడానికి లేడు, వెళ్ళిపోయాడు. కొరివి కూతురే పట్టుకుంది. ఎవరూ కాదనలేదు.

అది తర్వాత సంగతి. అప్పుడు మాత్రం ఆ వేలు అలాగే ఉంది. ఎవరో కొబ్బరినూనె తెచ్చారు, ఎవరో తడిగుడ్డ తెచ్చారు. రుద్దినకొద్దీ సిరా పాకింది గానీ పోలేదు. పాడె ఎత్తే వేళవుతోంది. ఇంటిపక్క ముసలావిడ, చిన్నప్పట్నుంచీ ఆవిడతో నర్సరీలో పనిచేసినావిడ, మంచి మనసుతోనే ముందుకొచ్చి, "అలా పోదులేవే, తలకి రాసెయ్యి" అని, చనిపోయిన మనిషి చెయ్యి పట్టుకుని జుట్టు వైపు ఎత్తబోయింది.

"తలకి రాయకండి!" అని అరిచింది కూతురు. ఆ చెయ్యి విడిపించి, మళ్ళీ తల్లి గుండెల మీద పెట్టింది. "చెయ్యొదలండి. మా అమ్మకి సంతకం వచ్చండి."